రాక్షసుడి మాట కూడా విననివ్వండి

అయ్యా,

హైస్కూల్ ఇంగ్లిష్ క్లాసులో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను గైడుతో ముగించేయడం చూస్తే బాధేస్తోంది. మా అమ్మాయి నోట్సులో పాత్రల స్వభావాలు, ఐదు మార్కుల జవాబులు ఉన్నాయి. నవల మాత్రం లేదు.

మేరీ షెల్లీ ఈ కథ మొదలుపెట్టింది 1816లో, 18 ఏళ్ల వయసులో. క్లాసులో కూర్చున్న పిల్లలకంటే రెండు మూడేళ్లే పెద్ద! ఫ్రాంకెన్‌స్టైన్ అంటే రాక్షసుడనుకుంటారు చాలామంది. అది వాడికి ప్రాణం పోసి, వాడు కళ్లు తెరవగానే హడలిపోయి పారిపోయినవాడి పేరు. ఆ ప్రాణికి అసలు పేరే పెట్టలేదు. పక్క కొట్టంలో దాక్కుని, చిన్న సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ వాడు మాటలు నేర్చుకుంటాడు.

సరిగ్గా ఆ అధ్యాయాలనే ‘పరీక్షకు రావు’ అని వదిలేశారు. ఉపాధ్యాయులు దయచేసి వాటిని క్లాసులో పైకి చదివించాలి. నెల పట్టినా సరే.

– ఒక విద్యార్థిని తల్లి