మన కూరగాయల రైతుల సంఘం: 2024–25 వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారములు. సంఘం నియమావళిని అనుసరించి, గడచిన ఆర్థిక సంవత్సరంలో జరిగిన పనుల వివరాలను మీ ముందు ఉంచుతున్నాను. పనులన్నిటిలోకీ ముందుగా చెప్పవలసింది మన సొంత నారుమడి గురించి. సంఘం పెట్టిన నాటి నుంచి ప్రతి సమావేశంలోనూ అనుకుంటూ వచ్చిన ఈ పని ఈ ఏడాదే కార్యరూపం దాల్చింది. దీనికి స్థలం ఇచ్చిన సభ్యునికి, షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కట్టడానికి రాతి కూసాలు మోసి నిలబెట్టిన యువకులకు, ట్రేలు నింపడం నుంచి నారు లెక్కపెట్టి అప్పగించడం వరకు భారమంతా తమ భుజాల మీద వేసుకున్న పొదుపు సంఘాల మహిళలకు ఈ సభాముఖంగా సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

నారుమడికి ఇంత ప్రాధాన్యం ఎందుకు ఇచ్చామో కొత్తగా చేరిన సభ్యుల కోసం వివరిస్తాను. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న మదనపల్లె ప్రాంతంలో ఏడాది పొడవునా టమాటా సాగు చేయగలుగుతున్నాము. ఆ వరమే తెల్లదోమకూ వరమైంది. ఒక తోట కోత ముగిసేసరికి పక్క చేనిలో లేత తోట సిద్ధంగా ఉండడం వల్ల దోమకు ఆహారం ఏ నెలలోనూ కొరవడదు, అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కూ విరామం ఉండదు. నాటిన తొలి నెలలోనే ముడత సోకిన మొక్క గిడసబారిపోయి కాపు దాదాపుగా ఇవ్వదు. వైరస్ సోకిన తర్వాత దానిని నయం చేసే మందు ఏదీ లేదు కనుక, పెద్ద తోటలో వేలకు వేలు పోసి మందులు కొట్టడం కంటే దోమ తాకని నారు పెంచుకోవడమే చిన్న రైతుకు గిట్టుబాటు అవుతుందని కార్యవర్గం మొదటి నుంచీ వాదిస్తూ వచ్చింది. బయట కొన్న నారులో ఏ రకం ఉందో, అది ఎన్ని రోజుల నారో తెలియక, కాయ పడిన తర్వాత గాని మోసపోయామని గ్రహించని అనుభవం మనలో చాలామందికి ఉంది.

మన నారుమడిలో 98 గుంతల ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గుంతకు ఒక్క గింజ చొప్పున విత్తి, మొలక వచ్చే వరకు ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి కప్పి ఉంచి, ఆ తర్వాత సన్నని నైలాన్ వలతో నాలుగు వైపులా మూసిన షేడ్‌నెట్ కిందికి మార్చాము. లోపలికి వెళ్లేవారు ఒక తలుపు మూసిన తర్వాతనే రెండో తలుపు తెరవాలన్న నియమాన్ని మహిళా సభ్యులు ఎంత కచ్చితంగా అమలు చేశారంటే, చూడవచ్చిన పెద్దలను సైతం బయట నిలిపివేశారు. వారి పట్టుదల వల్లనే నారు శుభ్రంగా వచ్చింది. సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 60 సెంటీమీటర్ల దూరంతో నాటితే ఎకరాకు సుమారు 7,500 మొక్కలు, అంటే 80 ట్రేల వరకు అవసరమవుతాయి. మొలవని గింజలకు, చచ్చిన మొక్కలకు బదులుగా మరికొన్ని ట్రేలు కలుపుకుని ఇండెంటు (ఎన్ని ట్రేలు కావాలో రాసిన చీటీ) ఇవ్వాలని సభ్యులను కోరుతున్నాను. 25 నుంచి 30 రోజుల వయసు నారును, చివరి కొద్ది రోజులు నీరు తగ్గించి గట్టిపరచిన తర్వాతనే ఇచ్చాము. తొందరపెట్టి లేత నారు కోసం వచ్చిన సభ్యులను తిప్పి పంపినందుకు కొందరు నొచ్చుకున్నారని తెలుసు. అయినా ఆ నియమం మారదు.

టమాటా నారుతో పాటు బంతి నారును కూడా ఇచ్చాము. 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేస్తే కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు బంతి పూల మీదికి మళ్లుతుంది. రెండూ ఒకేసారి పూతకు రావాలి కనుక బంతి విత్తనం ముందుగా చల్లవలసి ఉంటుంది. ఈ పద్ధతిని, కూరగాయల పంటలకు ఉపయోగపడే సూక్ష్మపోషక మిశ్రమాన్ని బెంగళూరు శివార్లలో హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చాలా కాలం క్రితమే రూపొందించింది. ఆకుముడత, వాడు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్ సంకర రకం కూడా అక్కడిదే. మన పొలాలకు ఇంత దగ్గరలో పుట్టిన జ్ఞానం మన చేలకు చేరడానికి ఇన్నేళ్లు పట్టడం బాధాకరం.

నవంబరు చివర పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన ఫెంగల్ తుపాను వర్షాలకు నీరు నిలిచిన చేలలో వేరు కుళ్లి మొక్కలు వాడిపోయాయి. ఎత్తు బోదెలు (మట్టి కట్టలు) తోలి, నేలను కప్పే మల్చింగ్ షీటు పరచి, కట్టెలు పాతి తీగ కట్టిన తోటలు చాలావరకు నిలబడ్డాయి. ఎకరం, అరెకరం ఉన్న రైతుకు కట్టెల ఖర్చు తలకు మించినదే కనుక, సంఘం కొని అద్దెకు ఇచ్చే ఏర్పాటు చేయాలన్న సభ్యుల సూచనను ఈ సమావేశం నిర్ణయానికి వదిలిపెడుతున్నాను.

ధరల సంగతి అందరికీ తెలిసినదే. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటిన సరుకు 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత కూలికి కూడా సరిపోని స్థితికి దిగజారింది. ధర పలికిన మరుసటి పంటకు అందరూ టమాటాయే వేయడం, అంతా ఒకే వారంలో నాటడం మానుకుంటే తప్ప ఎకరా దిగుబడి ఎంత పెంచినా ఫలితం దక్కదు. అందుకే సొంత నారుమడి చేతికి రావడంతో విత్తే తేదీలను సభ్యుల మధ్య వంతులవారీగా పంచాము. టమాటా తర్వాత అదే చేనిలో టమాటా, వంగ, మిరప వేయకుండా బీన్స్, మొక్కజొన్న, పందిరి మీద బీర, కాకర వేసిన సభ్యులకు నేల తెగులు తగ్గడమే కాక, సమీప రైతుబజారులో రోజువారీ అమ్మకానికి నాలుగు రకాల సరుకు చేతిలో ఉంది. 1999లో మొదలైన రైతుబజార్ల వ్యవస్థను ఇన్నేళ్లుగా మన సభ్యులు తగినంతగా వినియోగించుకోలేదన్నది నా అభిప్రాయం.

ఇక చెప్పక తప్పని విషయం ఒకటి ఉంది. టమాటా ఆకులను, కాయలను తొలిచే టూటా పురుగు ఎప్పుడు పుంజుకుంటుందో ముందే తెలుసుకోవడానికి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కలపురుగులను రప్పించి పట్టేవి) కట్టి, వాటిలో పడిన రెక్కలపురుగులను వారం వారం లెక్కపెట్టే బాధ్యతకు గత సమావేశంలో చేతులెత్తి పేర్లు ఇచ్చినవారిలో ఎక్కువమంది ఆ తర్వాత చేనిగట్టుకు రానేలేదు. లెక్క లేని బుట్ట చేలో ఉన్నా లేనట్టే. ఆ లోటును కళాశాలలో చదువుకుంటున్న సభ్యుల పిల్లలు సెలవుల్లో పూడ్చారు, వారికి ఆశీస్సులు. బిందుసేద్యం రాయితీకి మనం పెట్టుకున్న దరఖాస్తులు ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతూనే ఉన్నాయి. క్షేత్ర సందర్శనకు వస్తామని చెప్పిన అధికారులు తేదీలు మార్చారే తప్ప రాలేదు. మట్టి పరీక్ష ఫలితాలు తోట నాటిన తర్వాత చేతికి వస్తే ఏ ఎరువు ఎంత వేయాలో రైతు ఎప్పుడు నిర్ణయించుకోవాలి? ఇదే ప్రశ్నను లిఖితపూర్వకంగా పంపాము, జవాబు అందలేదు. పిలవగానే వచ్చి, మోకాలిలోతు బురదలో నిలబడి, వేరు కోసి తెగులు చూపించి వివరించిన కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల రుణం మాత్రం తీర్చుకోలేనిది.

జమాఖర్చులను ఆడిటరు సరిచూశారు. పట్టిక ఈ నివేదికకు జతచేయడమైనది, సందేహాలుంటే కోశాధికారిని సంప్రదించగలరు. ట్రేలకు, కొబ్బరి పొట్టుకు అయిన ఖర్చు నారు అమ్మకం ద్వారా చాలావరకు తిరిగి వచ్చింది. చందా బకాయి ఉన్నవారు ఈ సమావేశం ముగిసేలోగా చెల్లించవలసిందిగా మనవి.

సమావేశ మందిరం ఉచితంగా ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, భోజన ఏర్పాట్లు చూసిన యువజనులకు, క్రేట్లు అప్పుగా ఇచ్చిన మండీ మిత్రులకు, ప్రతి అడుగులోనూ వెన్నంటి ఉన్న అధ్యక్షుల వారికి ధన్యవాదాలు. వచ్చే విడత నారుకు విత్తే వంతులు ఈరోజే ఖరారు చేయవలసి ఉంది. కావలసిన రకం, విస్తీర్ణం, నాటదలచిన వారం రాసి మహిళా సభ్యుల వద్ద ఉన్న పుస్తకంలో పేరు నమోదు చేసుకోవాలి. బుట్టల లెక్కకు పేరు ఇచ్చి వారం వారం వచ్చేవారికి నారు వంతులో మొదటి అవకాశం ఇవ్వాలన్న కార్యవర్గ తీర్మానాన్ని సభ ఆమోదం కోసం ప్రవేశపెడుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి