పసివాళ్ల జాగాలో కార్లు

సంపాదకులకు నమస్కారములు.

పసిపిల్లల చేతికి సెల్‌ఫోన్ ఇవ్వరాదని, వారిని ఆరుబయట ఆడించాలని మీ పత్రిక కుటుంబ పేజీలో వైద్యులు, మానసిక నిపుణులు తరచుగా రాస్తూ ఉంటారు. ఆ మాటతో నాకు పేచీ ఏమీ లేదు. రెండున్నరేళ్ల కవల మనవళ్లను పగలంతా చూసుకునే తాతగా నేను అడగదలచినది, ఆ ఆరుబయలు ఎక్కడుందని మాత్రమే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అది ప్లాను కాగితం మీద భద్రంగా ఉంది; నేల మీదికి వచ్చేసరికి అక్కడ కార్లు నిలిచి ఉన్నాయి.

నేను ఒక జిల్లా మున్సిపాలిటీలో భవనాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొడుకు, కోడలు ఇద్దరూ మాదాపూర్ వైపు ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం మొదటి కాన్పుకు మా కోడలికి 26 వారాల సెలవు లభించింది. ఒడిలో ఉన్నది ఒక బిడ్డయినా ఇద్దరయినా చట్టం దృష్టిలో అది ఒకే కాన్పు కనుక వారాలు పెరగలేదు. ఆ సెలవు పూర్తయినప్పటి నుంచి నేను, నా భార్య కూకట్‌పల్లిలో వారి వద్దే ఉంటున్నాము.

మగ కవలలు అనగానే చూడవచ్చిన వారందరూ 'లవకుశులు' అని మురిసిపోతారు. ఆ లవకుశులకు వాల్మీకి ఆశ్రమం చుట్టూ కావలసినంత అడవి ఉండేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. మా వాళ్లకు ఉన్నది రెండు పడక గదుల ఫ్లాటు, ఒక బాల్కనీ, దానికి బిగించిన ఇనుప గ్రిల్లు.

పెద్దవాడు అనబడేవాడు, అంటే తమ్ముడి కన్నా కొద్ది నిమిషాల ముందు పుట్టినవాడు, ఎక్కే రకం. కుర్చీ మీదుగా టేబుల్, టేబుల్ మీదుగా కిటికీ గట్టు అతని దారి. చిన్నవాడు పరుగెత్తే రకం. తలుపు గడియ చప్పుడు వినబడితే చాలు, వంటింట్లో ఉన్నా హాలు దాటి గడప దగ్గర ప్రత్యక్షమవుతాడు. అన్నం పెట్టేటప్పుడు నా భార్య ఒకే గిన్నెలో పప్పన్నం కలిపి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. ఒకడి నోట్లో ముద్ద పెట్టేలోగా రెండోవాడు సోఫా వెనక్కి చేరతాడు; వాడిని లాక్కొచ్చేలోగా మొదటివాడు నోట్లో ముద్దను అరచేతిలోకి తీసుకుని గోడకు పూసి, అది జారుతుందో లేదో శ్రద్ధగా గమనిస్తూ ఉంటాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పుట్టిన ఇంట్లో పెద్దవాడికి కొంతైనా మాట వినే వయసు వచ్చి ఉంటుంది. కవలల ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి పళ్లు వస్తాయి, ఒకేసారి జ్వరం వస్తుంది, ఒకే బొమ్మ కావలసి వస్తుంది. అదే బొమ్మ రెండోది కొని తెచ్చినా సరే, అవతలివాడి చేతిలో ఉన్నదే కావాలి. ఒక పెద్దమనిషికి ఒక పిల్లవాడు అన్న లెక్క మీద రాసిన సలహాలు ఇక్కడ సగానికి పైగా పనికిరావు.

వీళ్లు ఇల్లు పీకి పందిరి వేస్తున్నారని చుట్టుపక్కల వారు అంటే నేను నొచ్చుకోను, అది నిజమే కనుక. మా కింది ఫ్లాటులో ఉన్న పెద్దాయన పైనుంచి దబదబలు ఆగడం లేదని చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన పట్ల నాకు సానుభూతే కలిగింది. అయిదంగుళాల శ్లాబు ఇద్దరు పిల్లల గంతులను ఆపలేదని నా వృత్తి నాకు నేర్పింది. అయితే అదే పెద్దాయన, పిల్లలను కిందికి తీసుకువెళితే 'కార్లు తిరిగే చోట వాళ్లనెందుకు వదులుతారు' అని కూడా అడుగుతారు. పైన ఆడరాదు, కింద ఆడరాదు అన్నప్పుడు మూడో చోటు ఏదో ఎవరైనా చెప్పాలి కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏడాది నిండినది మొదలు నాలుగేళ్ల వరకు పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని, రెండేళ్లు దాటినవారు గంటకు మించి తెర చూడరాదని, అది కూడా ఎంత తగ్గితే అంత మేలని అందులో ఉంది. మూడు గంటల ఆట ఆ వయసు శరీరానికి సహజంగా కావలసినదే, మా మనవళ్లు దానిని ఎవరి సిఫార్సూ లేకుండానే కోరుకుంటారు. ఆ మూడు గంటలు గోడల మధ్య గడవాలంటే దెబ్బలైనా తగులుతాయి, లేదా ఫోనులో పాటలైనా మొదలవుతాయి. చాలా ఇళ్లలో ఫోను ఈ దారిన వచ్చిందే గాని, తల్లిదండ్రుల బద్ధకం వల్ల వచ్చింది కాదని నా అభిప్రాయం.

ఎండాకాలంలో మన నగరంలో సాయంత్రం అయిదున్నర దాకా పిల్లలను బయటికి తీయలేము. చీకటి పడితే దోమలు. మిగిలేది ఆ మధ్యలోని గంటన్నర సమయం. సరిగ్గా ఆ సమయానికే ఆఫీసుల నుంచి కార్లు తిరిగి వస్తాయి. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు నేరుగా స్టిల్టు పార్కింగులోకి, అంటే భవనం కింద స్తంభాల మధ్య కార్లు నిలిపే చోటికి తెరుచుకుంటుంది. వెనక్కి వచ్చే కారు డ్రైవరుకు అద్దంలో కనబడేంత ఎత్తు రెండున్నరేళ్ల పిల్లవాడికి ఉండదు; పైగా స్తంభాల నీడ ఒకటి. లిఫ్టు దిగగానే మా వాళ్లు ఒకరు గేటు వైపు, మరొకరు ర్యాంపు వైపు పరుగు తీస్తారు. ఇద్దరూ ఒకే దిక్కుకు వెళ్లడం నేను ఎరుగను. చెరొక చేయి పట్టుకుని దించితే మణికట్టు మెలితిప్పి జారిపోతారు, అందువల్ల నేను, నా భార్య ఇద్దరమూ దిగవలసిందే. వాచ్‌మన్ తన పని మానుకుని గేటు వేసి పట్టుకుంటాడు. అప్పుడు బయట హారన్ మోగుతుంది. కళ్లలో వత్తులు వేసుకుని చూడటమంటే ఏమిటో నాకు అరవయ్యేళ్లు దాటాక తెలిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన భవన నిర్మాణ నిబంధనలు, అందరూ జీవో 168 అని పిలిచేవి, రాష్ట్రం ఏర్పడిన తర్వాత సవరణలతో తెలంగాణలోనూ కొనసాగుతూ వచ్చాయి. 750 చదరపు మీటర్లు, అంటే సుమారు 900 గజాలు, దాటిన స్థలంలో కట్టే భవనానికి చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాకులు కాక, స్థలంలో కనీసం 5 శాతం ఖాళీ జాగాగా తీర్చిదిద్ది మొక్కలకో, పచ్చికకో, టాట్‌లాట్‌కో వినియోగించాలని అందులో ఉంది. గ్రూపు నిర్మాణాలకైతే అది 10 శాతం. టాట్‌లాట్ అంటే బుడిబుడి అడుగుల పిల్లలు ఆడుకునే జాగా. ప్లాను గీసేవారికి, బిల్డర్లకు, మున్సిపల్ సిబ్బందికి ఈ మాట నోటి చివరే ఉంటుంది. ఫ్లాటు కొన్నవారిలో మాత్రం చాలామంది విననైనా వినరు. 1,500 గజాల స్థలంలో 5 శాతమంటే 75 గజాలు. నాలుగైదు కార్లు పట్టేంత చోటు, లేదా ఒక ఇసుక గుంట, ఒక చిన్న జారుడుబల్ల, పిల్లలు పరుగెత్తడానికి కాస్త మట్టి నేల పట్టేంత చోటు.

మా భవనం మంజూరు ప్లాను నకలు అసోసియేషన్ బీరువాలో ఉన్నదని తెలిసి, పాత అలవాటు కొద్దీ అడిగి చూశాను. ఈశాన్య మూలన చక్కగా గీతలు కొట్టి టాట్‌లాట్ అని రాసి ఉంది. కిందికి దిగి అదే మూలకు వెళితే పసుపు రంగు గీతలతో విజిటర్ పార్కింగు, దాని పక్కన జనరేటరు, గోడకు ఆనించి పాత టైల్స్ పెట్టెలు కనిపించాయి. మా ఒక్క భవనమే ఇలా ఉంటే నేను లేఖ రాసేవాడిని కాదు, అసోసియేషన్ సమావేశంలోనే పోట్లాడి ఊరుకునేవాడిని. మా వీధిలో నేను తొంగిచూసిన అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇదే తీరుగా ఉన్నాయి.

కార్లు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంటికి రెండు కార్లు సామాన్యమైపోయాయి, వీధిలో ఆపితే ట్రాఫిక్ పోలీసులతో తంటా. కానీ రెండో కారు కొనేటప్పుడు అది నిలిచే చోటు గురించి ఆలోచించవలసిన బాధ్యత కొన్నవారిది, మూడేళ్ల పిల్లవాడిది కాదు. రెరాగా పిలిచే 2016 నాటి స్థిరాస్తి చట్టం ఉమ్మడి ప్రాంతాల నిర్వచనంలో పార్కులను, ఆటస్థలాలను స్పష్టంగా చేర్చింది; కొనుగోలుదారులలో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బిల్డరు ఆ ఉమ్మడి ప్రాంతాలను మార్చడానికి వీలు లేదని 14వ సెక్షన్ చెబుతోంది. మా భవనం ఆ చట్టం రాకముందు కట్టినది. అయినప్పటికీ, మంజూరు ప్లానులో లేని పార్కింగుకు ఎక్కడి నుంచి హక్కు వస్తుందో నాకు అర్థం కాదు.

పార్కులకు తీసుకువెళ్లవచ్చు కదా అంటారు. వెళుతున్నాము, సెలవు రోజుల్లో. జూపార్కుకు వెళ్లిన రోజున ఏనుగు కన్నా అక్కడి విశాలమైన దారులే వాళ్లకు ఎక్కువ నచ్చాయి. కానీ రోజూ సాయంత్రం ఫుట్‌పాత్ మీది బైకులను, బండ్లను తప్పించుకుంటూ, ఇద్దరు పిల్లల బండిని రోడ్డు మీదికి దించుతూ ఎక్కిస్తూ పార్కుకు వెళ్లి రావడం ఇద్దరు ముసలివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ వయసు పిల్లలకు ఆట జాగా లిఫ్టు దిగినంత దూరంలో ఉండాలి. నిబంధన రాసినవారికి ఆ సంగతి తెలిసే దానిని భవనం ఆవరణలోనే పెట్టారు.

మున్సిపల్ అధికారులకు నా విన్నపం ఇది. భవనంలో నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు సెట్‌బ్యాకులను టేపు పెట్టి కొలిచినట్లే టాట్‌లాట్‌ను కూడా కొలవండి. ఇచ్చిన రెండేళ్లకు మరొకసారి వచ్చి చూడండి, ఎందుకంటే జాగా మాయమయ్యేది సర్టిఫికెట్ గోడకెక్కిన తర్వాతే. పాత భవనాల మీద వెంటనే జరిమానాలు వేయమని నేను కోరడం లేదు. మంజూరు ప్లాను నకలును లిఫ్టు పక్కన అందరికీ కనబడేలా అతికించాలని ఒక ఉత్తర్వు ఇస్తే సగం పని అదే జరుగుతుంది. అసోసియేషన్లు కూడా, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకైనా ఆ మూలకు గొలుసు కట్టి కార్లు రాకుండా చూడవచ్చు; దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. మా అసోసియేషన్ ముందు ఈ ప్రతిపాదన పెట్టాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చిస్తామన్నారు.

సంపాదకులకు సైతం ఒక మనవి. మీ పత్రికలో వచ్చే స్థిరాస్తి ప్రత్యేక పేజీలలో క్లబ్ హౌస్, ఈత కొలను, వాస్తు గురించి ఎంతో వివరంగా రాస్తారు. ఫ్లాటు కొనబోయేవారు బిల్డరును ప్లానులో టాట్‌లాట్ ఎక్కడుంది, ఎన్ని గజాలు, దాని మీదుగా వాహనాలు పోతాయా అని అడగాలని ఆ పేజీలలోనే ఒక పెట్టె కట్టి ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తాత,
కూకట్‌పల్లి, హైదరాబాద్.