ఏడుసార్ల విజేత గుర్తులేడా?

సంపాదకులకు నమస్కారం.

యూఎస్ ఓపెన్ టెన్నిస్ వచ్చిన ప్రతిసారీ మన పేపర్లు ఫెదరర్ 2004 నుంచి 2008 దాకా వరుసగా ఐదు గెలిచాడని రాస్తాయి, బాగుంది, కానీ అదే టోర్నీలో వరుసగా ఏడు గెలిచిన రిచర్డ్ సియర్స్ పేరు ఒక్క వాక్యంలోనైనా రావాలి కదా. 1881లో న్యూపోర్ట్ క్యాసినో పచ్చిక మీద జరిగిన మొట్టమొదటి అమెరికా జాతీయ పోటీలో (ఇప్పటి యూఎస్ ఓపెన్ అదే) గెలిచేనాటికి ఆయనకు 19 ఏళ్లే, హార్వర్డ్ విద్యార్థి. 1887 దాకా ఆ టైటిల్ ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. 1884 నుంచి ముందు ఏడాది విజేత ఫైనల్ ఒక్కటే ఆడితే చాలనే పద్ధతి వచ్చింది. కాబట్టి చివరి నాలుగు టైటిళ్లకు ఏడాదికి ఒక్క మ్యాచే. దీన్ని పట్టుకుని ఆయన్ని తక్కువ చేసేవాళ్లతో నేను ఒప్పుకోను, ఎందుకంటే మొదటి మూడేళ్లూ అందరితో ఆడి, ఒక్క సెట్ కూడా పోగొట్టుకోకుండా గెలిచాడు! డబుల్స్‌లో ఇంకో ఆరు టైటిళ్లు, వాటిలో ఐదు జేమ్స్ డ్వైట్‌తో కలిసి.

అప్పుడు ప్రైజ్ మనీ లేదు, అంతా అమెచ్యూర్ ఆటే. 1888లో టైటిల్ నిలబెట్టుకోవడానికి ఆయన బరిలోకే దిగలేదు. తర్వాత అమెరికా ఆటగాళ్లు బిల్ టిల్డెన్, విలియం లార్నెడ్ కూడా ఏడేసి గెలిచారు గానీ వరుసగా కాదు.

ఈసారి రికార్డుల పట్టిక వేసేటప్పుడు దాన్ని ప్రొఫెషనల్ ఆటగాళ్లను కూడా అనుమతించిన 1968 నుంచి కాకుండా 1881 నుంచి మొదలుపెట్టండి.

– ఒక పాఠకుడు, విజయవాడ