క్లెయిము రాయలేని ఆవిష్కర్త ఏం చేయాలి?

ప్రపంచ మేధో సంపత్తి సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. ఆవిష్కర్త తన రహస్యం బయటపెడితే, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ల వరకు దానిపై హక్కు ఉంటుంది. పేటెంట్ అంటే ఇదే బేరం. వినడానికి బాగానే ఉంది. కానీ దాని ప్రాణమంతా క్లెయిముల్లో, అంటే హక్కు ఎంతవరకో గీత గీసి చెప్పే వాక్యాల్లో ఉంటుంది. అక్కడ ఒక్క షరతు ఎక్కువైనా రక్షణ కుంచించుకుపోతుంది. మరీ వదులుగా రాస్తే ఏదో పాత ఆవిష్కరణకు తగిలి దరఖాస్తే పడిపోతుంది. యంత్రం చేయడం వచ్చినవాళ్లకు ఈ భాష రాదు (మూడుసార్లు చదివితే గానీ నాకూ తలకెక్కదు). ఆ భాష వచ్చిన నిపుణుల ఫీజు వీళ్లు భరించలేరు.

మీ ఆవిష్కర్తల సహాయ పథకంలో పేటెంట్ నిపుణులు ఉచితంగా సాయం చేస్తున్నారు. మంచి పని. అయితే అది కొన్ని దేశాలకే అందింది, మిగతావాళ్లకూ తెరవండి.

ఇంకొకటి. పీసీటీ (ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో పేటెంట్ కోరే వీలిచ్చే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళ్తే, ఏయే దేశాల్లో ముందుకెళ్లాలో తేల్చుకోవడానికి మొదటి దరఖాస్తు తేదీ నుంచి సాధారణంగా 30 నెలల వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత ఏ దేశానికి ఆ దేశం ఫీజు, అనువాదం ఖర్చు. చిన్న ఆవిష్కర్త సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాడు. కనీసం అనువాదాలకైనా ఒక నిధి పెట్టించండి.

ఇట్లు,
పేటెంట్ పత్రాలతో కుస్తీ పట్టే ఒక పాఠకుడు