ఆ రెండు పళ్లూ పీకేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

కట్టుడు పళ్లు పెట్టించుకోవాలంటే మిగిలిన ఒకటీ అరా పళ్లు కూడా పీకించుకోక తప్పదని మన దగ్గర చాలామంది అనుకుంటున్నారు. కొందరు డాక్టర్లు కూడా అదే చెప్పి పంపేస్తున్నారు. అన్నిసార్లూ అది నిజం కాదు. ఈ సంగతి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మా ఆవిడకు కింది దవడలో చివరికి రెండు కోరపళ్లే మిగిలాయి. మేం మొదట చూపించుకున్న క్లినిక్‌లో కనీసం ఎక్స్‌రే తీయకుండానే, "ఇవి ఉంటే సెట్టు కుదరదు, తీసేద్దాం" అన్నారు. మా బావగారికి ఇలాగే అన్నీ తీసేశారు. ఆయన మాట్లాడితే కింది సెట్టు లేస్తుంది, నమిలితే పక్కకు జారుతుంది. పెళ్లి భోజనానికి కూర్చున్నా సెట్టు తీసి జేబులో వేసుకుని పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. ఆయన అవస్థ కళ్లారా చూస్తున్నాం కాబట్టే తొందరపడకుండా నగరంలోని ఒక దంత కళాశాలకు వెళ్లాం.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించారు. పళ్లు కదులుతున్నాయేమో చూశారు, చిగురు ఎంత వదులైందో సన్నటి పుల్లలాంటి పరికరంతో కొలిచారు. పళ్ల వేళ్లు గట్టిగానే ఉన్నాయన్నారు. రెండింటికీ రూట్ కెనాల్ చేసి, అంటే లోపలి నరం తీసేసి, చిగురు మీద రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే మిగిలేలా కోసి, గుండ్రంగా నున్నగా అరగదీసి, లోహపు తొడుగులు అతికించారు. ఆ తర్వాతే సెట్టుకు కొలత తీశారు. సెట్టు తిరగేసి చూస్తే అడుగున రెండు చిన్న గుంటలు ఉంటాయి. నోట్లోని మొదళ్లు వాటిలోకి సరిగ్గా దిగుతాయి. దీన్ని ఓవర్‌డెంచర్ అంటారు.

నేను షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేశాను. ఏ బరువు దేని మీద ఆనుతోందో చూడకుండా ఉండలేను. పై సెట్టు అంగిలిని అంటిపెట్టుకుని ఉంటుంది. కింద ఆ వీలు లేదు, మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది. పైగా పన్ను పీకేశాక దాన్ని పట్టుకుని ఉన్న దవడ ఎముక ఏటేటా కరిగిపోతుంది. వేరు ఉంటే చుట్టూ ఎముక చాలావరకు నిలుస్తుంది. 1978లో క్రమ్, రూనీ అనే ఇద్దరు ప్రచురించిన ఐదేళ్ల అధ్యయనంలో, అన్ని పళ్లూ తీసేసినవాళ్లకు కింది దవడ ముందు భాగంలో ఎముక సగటున 5.2 మిల్లీమీటర్లు తగ్గితే, కోరపళ్ల వేళ్లు ఉంచుకున్నవాళ్లకు 0.6 మిల్లీమీటర్లే తగ్గింది. మిల్లీమీటరు తేడాకు ఉక్కు ప్లేటు వెనక్కి పంపిన చోట పనిచేసినవాణ్ని, ఆ తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

ఇంకోటి ఉంది. వేరు చుట్టూ ఉండే పలచటి పొర వల్లే మనం కొరికేది గట్టిదో మెత్తదో, ఎంత ఒత్తి నమలాలో తెలుస్తుంది. నరం తీసేసినా ఆ పొర పోదు. మా ఆవిడ ఇప్పుడు జంతికలు, నెత్తళ్ల వేపుడు భయం లేకుండా తింటోంది.

అందరికీ ఇది కుదరదు. పన్ను బాగా ఊగుతున్నా, ఎముక బొత్తిగా లేకపోయినా తీసేయాల్సిందే. రూట్ కెనాల్, తొడుగుల వల్ల మామూలు సెట్టు కంటే ఖర్చూ ఎక్కువే. శుభ్రత విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. సెట్టు కింద మూసుకుపోయి ఉండే మొదళ్లు త్వరగా పుచ్చుతాయి. నరం లేదు కాబట్టి నొప్పి వచ్చి హెచ్చరించదు. రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో వాటిని మెత్తటి బ్రష్షుతో తోమాలి, రాత్రి సెట్టు తీసి నీళ్లలో ఉంచాలి, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు చిగుళ్ల సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

60 ఏళ్లు దాటిన పేదలకు ఉపకరణాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకాన్ని కేంద్రం 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే మొదలుపెట్టింది. చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్లద్దాలతోపాటు కట్టుడు పళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అధికారులను నేను కోరేది ఒక్కటే. మన విశాఖ జిల్లాలో ఇలాంటి శిబిరం ఎప్పుడు పెట్టినా, పళ్లు పీకడానికి ముందు ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తీయించి, ఉంచదగిన వేరు ఉందేమో కట్టుడు పళ్ల నిపుణుడితో చూపించాలి. ఉంటే ఆ వేరుకు చేయాల్సిన చికిత్స కూడా ఉచితంగానే చేయించాలి. రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ దంత కళాశాలలు ఉన్నాయి. అలాంటి చోట్ల ఉన్న నిపుణుల సాయం అడిగితే మల్కాపురం, గాజువాక బస్తీల్లోని ముసలివాళ్లకు కూడా ఈ వైద్యం అందుతుంది.

ఇట్లు,
హిందుస్థాన్ షిప్‌యార్డు విశ్రాంత ఉద్యోగి,
మల్కాపురం, విశాఖపట్నం