మీరా స్టాంపు మీది తెల్ల చుక్క

చెన్నై,
ఆదివారం

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మీరా రెండణాల స్టాంపు ఫోటో చూశాను. నుదుటి పక్కనున్న తెల్ల చుక్కని అప్పుడే వెరైటీ (అచ్చు పలక లోపం వల్ల మామూలు స్టాంపుకి తేడాగా వచ్చినది) అని ఆల్బంలో రాసేసుకోకు. ముందు ఆ స్టాంపు ఏ పద్ధతిలో అచ్చయిందో చూడాలి.

1952 అక్టోబరు 1న వచ్చిన ఆ సంతుల, కవుల వరస నాసిక్‌లో ఫోటోగ్రేవ్యూర్‌లో అచ్చయిన మొదటి వరస. సిలిండరు మీద కంటికానని గుంటలుంటాయి. సిరా వాటిలో నిలుస్తుంది, పైన మిగిలినదాన్ని బ్లేడు గీకేస్తుంది. సిలిండరు మీద గీరుపడితే అందులోనూ సిరా చేరుతుంది కనుక స్టాంపు మీద రంగు గీత వస్తుంది. తెల్ల చుక్కైతే చాలావరకు కాగితం మీది దుమ్ము, లేదా గుంటలో ఎండిపోయిన సిరా. దుమ్మైతే ఆ ఒక్క షీటుతో సరి. బ్లేడు కింద నలుసు ఇరుక్కుంటే సన్నటి పొడుగాటి చార పడుతుంది, నలుసు పోగానే అదీ పోతుంది. ఈ దుమ్ము, ఎండిన సిరా, నలుసు ఏవీ ప్లేటు లోపాలు కావు, అంటే అచ్చు పలక మీదే ఉండి ప్రతి షీటులోనూ అదే చోట వచ్చేవి కావు.

లెటర్‌ప్రెస్‌లో అంతా తలకిందులు. 1926 నుంచి నాసిక్‌లో అచ్చయిన ఐదో జార్జి మామూలు స్టాంపులు చూడు. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్నదే అచ్చుపడుతుంది. అది సొట్టపోయినా విరిగినా ఆ చోటు తెల్లగా మిగులుతుంది. అందుకే చట్రం గీత తెగిన స్టాంపు కనిపిస్తే నాకు ఆశ పుడుతుంది. చదును ప్లేటుతో అచ్చేసే లిథోలో మాత్రం గారెలాంటి తెల్ల వలయం, నడుమ చిల్లులో రంగు చుక్క కనబడితే మోసపోకు, అదీ దుమ్మే.

ఉక్కు ప్లేట్ల మీద చెక్కిన పాత బ్రిటిష్ స్టాంపులే ఈ విద్యకి అసలు బడి. ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపైన 1840 నాటి పెన్నీ బ్లాక్ షీటులో 20 వరసలు, వరసకి 12, మొత్తం 240. కింది రెండు మూలల్లో అక్షరాలు ఏ-ఏ నుంచి టీ-ఎల్ దాకా నడుస్తాయి, కాబట్టి విడి స్టాంపు కూడా తన చోటు తానే చెబుతుంది. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవి. దాని తర్వాత వచ్చిన పెన్నీ రెడ్ 77వ ప్లేటులో రెండో వరస మొదటి స్టాంపుకి బీ పడింది, పక్కన ఏ కొట్టడం మరిచారు! ప్లేటు మీద అరిగిన బొమ్మపై ఉక్కు రోలరుని మళ్ళీ దొర్లించినప్పుడు పాత గీతలు పూర్తిగా పోకపోతే అక్షరాల అంచుల్లో జంట గీతలు వస్తాయి. దాన్నే రీ-ఎంట్రీ అంటారు.

వీటి కొలతలు చూసి మాత్రం తీర్పు ఇవ్వకు. తడిపిన కాగితం మీద అచ్చేసేవాళ్ళు, ఆరాక అది ముడుచుకుంటుంది. అందుకే ఒకే ప్లేటు స్టాంపులు కూడా పొడుగులో తేడాగా ఉంటాయి.

ఇక నీ చుక్క సంగతి. పది రెట్ల భూతద్దం పెట్టు, దీపం పక్కనుంచి వాలుగా పడనియ్యి. కాగితం గీరుకుపోయి ఉంటే నార లేచి కనిపిస్తుంది. తర్వాత 1200 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్‌గా దాచు, జేపెగ్ చిన్న చుక్కల్ని నమిలేస్తుంది. వేరే వేరే తేదీల తపాలా ముద్రలున్న మరో రెండు స్టాంపుల మీద అదే చోట అదే ఆకారం కనబడితే అప్పుడు మాట్లాడదాం. షీటు అంచుతో ఉన్న జత దొరికిందా, చోటు కూడా తేలుతుంది: పైనుంచి ఇన్నో వరస, ఎడమనుంచి ఇన్నోది అని రాసుకో.

వానాకాలం ఇక్కడి తేమకి గమ్ము ఇట్టే అంటుకుంటుంది, అందుకే ఆల్బంలు నిలబెట్టి ఉంచాను. నువ్వూ అలాగే చెయ్యి. స్టాంపుని వేలితో ముట్టకు, ట్వీజర్‌తోనే తియ్యి. ఈసారి వెనక వైపు ఫోటో కూడా పంపు. ఆ చుక్క దగ్గర కాగితం పలచబడిందేమో చూస్తాను.

ఉంటాను,
అమ్మ