అలంకారాలను బట్టీ పట్టించవద్దు

సంపాదకుల వారికి,

బడిలో అలంకారాలంటే లక్షణం, ఉదాహరణ అప్పజెప్పడమే అయిపోయింది. పిల్లలు లక్షణం తడుముకోకుండా చెబుతారు. కొత్త వాక్యమిస్తే మాత్రం పోల్చుకోలేరు. ఇది బాధ కలిగించే విషయం.

ఒకే దృశ్యం తీసుకుని చూపిస్తే ఎంత తేలికో చూడండి. 'మబ్బు ఏనుగులా నల్లగా ఉంది' అంటే పోలిక, అంటే ఉపమ. ఇందులో మనం వర్ణిస్తున్న మబ్బు ఉపమేయం, దేనితో పోల్చామో ఆ ఏనుగు ఉపమానం, రెంటికీ ఉన్న నలుపు సమానధర్మం, పోలికను తెలిపే 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. 'మేఘగజం కదిలింది' అనగానే రెంటికీ భేదం పోయి రూపకమవుతుంది. 'ఆ మబ్బు కొండ దిగివస్తున్న ఏనుగేమో!' అంటే ఊహ, అంటే ఉత్ప్రేక్ష. చూసింది ఒక్కటే, చూపు మారింది. ఈ తేడా పట్టుకున్న పిల్లవాడు లక్షణాన్ని తానే చెప్పగలడు.

నిజానికి అలంకారం లేనిదే మనకు మాట సాగదు. 'కడుపు చెక్కలయ్యేలా నవ్వాం' అన్నవాళ్లంతా అతిశయోక్తి వాడినవాళ్లే. పైకి పొగడ్తలా ఉండి లోపల తెగడ్తగా ఉండే వ్యాజస్తుతి ఎన్నికల ప్రసంగాల్లో కావలసినంత. పత్రికల శీర్షికల్లో ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వచ్చే అనుప్రాస, ఒకే మాట రెండర్థాలిచ్చే శ్లేష సరేసరి.

అందుకే నా విన్నపం: మీ విద్యార్థుల పేజీలో వారానికొక శీర్షిక మీ పత్రికలోంచే తీసి, అందులోని అలంకారాన్ని విప్పి చూపండి.

ఒక పాఠకురాలు